బెంగళూరు నుంచి ఎగిరే ముందు: విమాన దూరం, ప్రయాణ సమయం మీరే లెక్కకట్టుకోవడం ఎలా

2008 మొదటి నెలల వరకు బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్లే విమానం హెచ్ఏఎల్ విమానాశ్రయంలో లేచి బేగంపేటలో దిగేది. ఆ రెండింటి మధ్య నేరుగా గీత గీస్తే సుమారు 508 కిలోమీటర్లు. ఆ ఏడాది మార్చిలో శంషాబాద్, మే నెలలో దేవనహళ్లి విమానాశ్రయాలు మొదలయ్యాయి. శంషాబాద్ హైదరాబాదుకు దక్షిణాన ఉంది, దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన ఉంది. ఊళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి, విమానాశ్రయాలు మాత్రం ఒకదానికొకటి ఎదురొచ్చాయి. ఇప్పటి గీత పొడవు 456 కిలోమీటర్లు. గాలిలో యాభై కిలోమీటర్లు కలిసొచ్చాయని సంతోషించాలో, అందులో పెద్ద వాటా ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్లి దాకా రోడ్డు మీద వచ్చి చేరిందని విసుక్కోవాలో మీరే తేల్చుకోండి.

రెండు విమానాశ్రయాల మధ్య ఎంత దూరం, ఎంతసేపు అని వెతికితే ఇంటర్నెట్ క్షణంలో ఒక అంకె చూపిస్తుంది. దూరం వరకు ఆ అంకె సాధారణంగా సరైనదే. సమయం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్కో చోట ఒక్కో జవాబు కనిపిస్తుంది. ఒకరు గాలిలో ఉండే సమయం చెబుతారు, ఇంకొకరు టికెట్టు మీది సమయం చెబుతారు, మీకు కావలసింది ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి పట్టే సమయం. ఈ మూడింటినీ విడదీసి లెక్కకట్టడం కష్టమేమీ కాదు. సైన్, కొసైన్ మీటలున్న కాల్‌క్యులేటర్ చాలు. చాలా ఫోన్లలో కాల్‌క్యులేటర్ తెరిచి ఫోనును అడ్డంగా తిప్పితే అవి కనిపిస్తాయి.

ముందు విమానాశ్రయం ఏదో తేల్చుకోండి

ఊరి పేరుతో లెక్క మొదలుపెట్టకండి, విమానాశ్రయం కోడ్‌తో మొదలుపెట్టండి. బెంగళూరు బీఎల్ఆర్, శంషాబాద్ హెచ్‌వైడీ, గన్నవరం వీజీఏ, రేణిగుంట టీఐఆర్, రాజమహేంద్రవరం ఆర్‌జేఏ, విశాఖపట్నం వీటీజెడ్, చెన్నై ఎంఏఏ. ఈ జాగ్రత్త ఎందుకంటే హైదరాబాదులు రెండున్నాయి. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాదుకూ విమానాశ్రయం ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. శాన్ హోసేలూ ఒకటి కాదు: కాలిఫోర్నియాలోది ఎస్‌జేసీ, కోస్టారికాలోది ఎస్‌జేఓ. కొడుకు సిలికాన్ వ్యాలీలో ఉంటే మీకు కావలసింది మొదటిది.

బెంగళూరులో ఇంకో మెలిక ఉంది. మారతహళ్లి నుంచి లోపలికి వెళ్లే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డుకు ఆ పేరు రావడానికి కారణమైన హెచ్ఏఎల్ విమానాశ్రయం ఇంకా అక్కడే ఉంది, సాధారణ ప్రయాణికుల విమానాలే లేవు. మ్యాపులో అజాగ్రత్తగా దాని మీద గుర్తు పెడితే మీ లెక్క 28 కిలోమీటర్లు దక్షిణం నుంచి మొదలవుతుంది. విశాఖ విషయంలోనూ టికెట్టు మీద ఏ విమానాశ్రయం ఉందో చూసుకోండి. భోగాపురం నుంచి ఎగిరే విమానానికి పాత విమానాశ్రయం అంకెలు పనికిరావు, అక్కడి నుంచి ఇంటికి వెళ్లే దారి కూడా మారిపోతుంది.

అసలు ఏ విమానాశ్రయంలో దిగాలన్నది కూడా ఇక్కడే ఆలోచించుకోవాలి. ఏలూరు వెళ్లేవారికి గన్నవరం దగ్గర. కోనసీమ వెళ్లేవారికి రాజమహేంద్రవరం శివారులోని మధురపూడి దగ్గర. ఇక హిందూపురం, పుట్టపర్తి వైపు వాళ్లకు రాష్ట్రం దాటాల్సి వచ్చినా దేవనహళ్లే సొంత విమానాశ్రయం లాంటిది.

అక్షాంశం, రేఖాంశం రాసుకోండి

మ్యాపులో విమానాశ్రయం మీద వేలు నొక్కిపెట్టి ఉంచితే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాలు చాలు, కిలోమీటరుకు మించి తేడా రాదు. మీరు వెతుక్కోకుండా కొన్ని ఇక్కడే ఇస్తున్నాను:

దేవనహళ్లి: 13.20, 77.71
శంషాబాద్: 17.24, 78.43
గన్నవరం: 16.53, 80.80
రేణిగుంట: 13.63, 79.54
మధురపూడి: 17.11, 81.82
విశాఖపట్నం (పాత విమానాశ్రయం): 17.72, 83.22
చెన్నై: 12.99, 80.17
ఢిల్లీ: 28.57, 77.10

కొన్నిచోట్ల ఇవే అంకెలు డిగ్రీలు, నిమిషాలుగా ఉంటాయి. 13 డిగ్రీల 12 నిమిషాలు అంటే 13.12 కాదు, 13.20. నిమిషాలను అరవైతో భాగించి డిగ్రీలకు కలపాలి. గ్రీనిచ్‌కు పడమర ఉన్న రేఖాంశాలకు ముందు మైనస్ గుర్తు పెట్టాలి. అమెరికా లెక్కల్లో ఇది మరిచిపోతే శాన్ ఫ్రాన్సిస్కో చైనా పక్కకు వచ్చి కూర్చుంటుంది.

దగ్గరి ఊళ్లకు: బడిలో నేర్చుకున్న త్రిభుజమే

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 111 కిలోమీటర్లు వస్తాయి. ఉత్తర దక్షిణాలుగా వెళ్తే ఎక్కడైనా దాదాపు ఇంతే. తూర్పు పడమరలుగా వెళ్తే మాత్రం భూమధ్యరేఖ మీదే 111. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి ఆ అంకె తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో తెలియాలంటే 111ని అక్షాంశం కొసైన్‌తో గుణించాలి. బెంగళూరుకూ తెలుగు నేలకూ మధ్య, అంటే 15 డిగ్రీల దగ్గర, 107 కిలోమీటర్లు. ఢిల్లీ దగ్గర 98. అరవై డిగ్రీల అక్షాంశం దగ్గర సరిగ్గా సగం.

ఇప్పుడు హైదరాబాదు లెక్క చేద్దాం. అక్షాంశాల తేడా 17.24 నుంచి 13.20 తీస్తే 4.04. దాన్ని 111తో గుణిస్తే 448 కిలోమీటర్లు ఉత్తరానికి. రేఖాంశాల తేడా 0.72. దాన్ని 107తో గుణిస్తే 77 కిలోమీటర్లు తూర్పుకు. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలు, మనకు కావలసింది కర్ణం. 448 వర్గం, 77 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 455 వస్తుంది. మ్యాపు పరికరాలు 456 అంటాయి. కాగితం మీద వేసిన లెక్కకు ఆ ఒక్క కిలోమీటరు తేడాను క్షమించవచ్చు.

విశాఖకు ఇదే లెక్క వేస్తే ఉత్తరానికి 502, తూర్పుకు 590, వెరసి 775. అంటే బెంగళూరు నుంచి విశాఖ ఉత్తరాన కంటే తూర్పునే ఎక్కువగా ఉంది. మన మనసులోని మ్యాపులో ఆంధ్ర అంతా తల పైన ఉంటుంది కాబట్టి ఈ సంగతి చాలామందికి కాస్త వింతగా తోస్తుంది. మిగతావాటికి ఇలాగే వేసుకుంటే గన్నవరం 498, మధురపూడి 620, రేణిగుంట 205, చెన్నై 268, ఢిల్లీ 1,710 కిలోమీటర్లకు అటూ ఇటూగా వస్తాయి.

దూరదేశాలకు: బంతి లెక్క

త్రిభుజం లెక్క మన దేశం లోపల హాయిగా పనిచేస్తుంది. ఖండాలు దాటితే చెడుతుంది. ఎంతగా చెడుతుందో చూడాలంటే శాన్ ఫ్రాన్సిస్కోకు అదే పద్ధతి వాడి చూడండి. దాని అక్షాంశం 37.62, రేఖాంశం మైనస్ 122.38. రేఖాంశాల తేడా 200 డిగ్రీలు దాటుతుంది కాబట్టి 360లోంచి తీసేసి, దగ్గరి వైపు నుంచి 160గా పట్టుకోవాలి. అప్పుడు త్రిభుజం ప్రకారం 16,300 కిలోమీటర్ల దాకా వస్తుంది. నిజమైన దూరం సుమారు 13,990. రెండు వేల మూడు వందల కిలోమీటర్ల తేడా అంటే బెంగళూరు నుంచి ఢిల్లీ వెళ్లి, అక్కడి నుంచి ఇంకా ముందుకు పోయినంత.

ఇలాంటప్పుడు వాడవలసిన సూత్రం ఇది. కాల్‌క్యులేటర్ డిగ్రీల పద్ధతిలో ఉందో లేదో ముందు చూసుకోండి. రేడియన్లలో ఉంటే వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

మొదట రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. 13.20 సైన్ 0.2283, 37.62 సైన్ 0.6104, లబ్ధం 0.1394. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించి, ఆ లబ్ధాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో మళ్లీ గుణించండి. ఇక్కడ తేడా 77.71 నుంచి మైనస్ 122.38 తీసివేయడం కాబట్టి 200.09, దాని కొసైన్ మైనస్ 0.9392. గుణకారం అంతా అయ్యాక మైనస్ 0.7243 వస్తుంది. రెండు ఫలితాలనూ కూడితే మైనస్ 0.5849. దీని విలోమ కొసైన్ (కాల్‌క్యులేటర్‌లో cos⁻¹ మీట) సుమారు 125.8 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే 13,990 కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. చివరి మెట్టులో 111 బదులు 111.2 వాడమనడానికి కారణం, ఇంత పొడుగు దూరంలో ఆ 0.2 కూడా పాతిక కిలోమీటర్లవుతుంది.

లెక్క ఒద్దనుకుంటే పిల్లల గ్లోబు తెచ్చుకుని బెంగళూరు మీద, శాన్ ఫ్రాన్సిస్కో మీద దారం బిగించి పట్టండి. దారం పసిఫిక్ నడిమధ్య నుంచీ పోదు, అట్లాంటిక్ మీదుగానూ పోదు. టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి ఆర్కిటిక్ అంచును తాకి, అలాస్కా మీదుగా దిగుతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఈ దారి కంటే ఇంకా ఉత్తరంగా, ధ్రువం మీదుగా, దాదాపు పదిహేడు గంటల్లో వచ్చింది.

ఆగి వెళ్లే విమానమైతే రెండు ముక్కలుగా లెక్కవేసి కలపండి. దుబాయి మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తే మొదటి ముక్క 2,700, రెండోది 13,000 పైచిలుకు. నేరు దారి కంటే 1,700 కిలోమీటర్లు ఎక్కువ. అంటే గాలిలో రెండు గంటలు, దానికి తోడు దుబాయిలో కూర్చున్నంతసేపు.

కొలమానాల సంగతి రెండు ముక్కల్లో: పైలట్లు నాటికల్ మైళ్లలో మాట్లాడతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక నిమిషం అంత అన్నమాట. హైదరాబాదు 456 కిలోమీటర్లు, 246 నాటికల్ మైళ్లు, మామూలు మైళ్లలో 283. ఎక్కడైనా దూరం వింతగా తక్కువ కనిపిస్తే ముందు కొలమానం చూడండి.

దూరాన్ని సమయంగా మార్చడం

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది కాబట్టి 456 కిలోమీటర్లకు 34 నిమిషాలు చాలని లెక్క చెబుతుంది. టికెట్టు మీద మాత్రం గంటా పది, గంటా ఇరవై నిమిషాలని ఉంటుంది. విమానసంస్థ మోసం చేయడం లేదు. టికెట్టు మీది సమయం టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా కాదు. విమానం నిలిపి ఉన్న చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతల నిలిపే చోట చక్రాలకు అడ్డు పెట్టే దాకా.

ఆ మధ్యలో జరిగేవి చూడండి. ముందు రన్‌వే దాకా నేల మీద నడక, వరుసలో నిరీక్షణ. తర్వాత దిక్కు మార్చుకోవడం. దేవనహళ్లిలోని రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి నైరుతి రుతుపవనాల కాలంలో ఎక్కువగా పడమటి వైపు ఎగురుతుంది. విశాఖ వెళ్లవలసిన విమానం కూడా ముందు పడమరకు లేచి, అక్కడి నుంచి చుట్టి తూర్పుకు తిరుగుతుంది. అవతల దిగేటప్పుడూ ఇదే తంతు. ఇక ఎక్కడం, దిగడం. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి విమానం రెండు వందల కిలోమీటర్ల దాకా ముందుకు పోతుంది. అక్కడి నుంచి దిగడానికి మరో రెండు వందల కిలోమీటర్లు కావాలి. బెంగళూరు, హైదరాబాదు మధ్య ఈ రెండూ కలిపితేనే దారి దాదాపు అయిపోయింది. పూర్తి వేగంతో సమంగా పోయే భాగం ఇంచుమించు లేదు. పైకి చేరుకున్నామో లేదో అప్పుడే దిగుతున్నామని ప్రకటిస్తారు, కాఫీ కప్పు చేతిలో ఉండగానే.

అందుకని దేశం లోపలి జెట్ విమానాలకు ఈ బండ లెక్క వాడండి: కిలోమీటర్లను 800తో భాగించి, వచ్చిన సమయానికి 35 నిమిషాలు కలపండి. హైదరాబాదుకు 34, 35 కలిపి గంటా తొమ్మిది. విశాఖకు 58, 35 కలిపి గంటన్నర దాటుతుంది. ఢిల్లీకి 128, 35 కలిపి రెండు గంటల నలభై మూడు నిమిషాలు. టికెట్టు మీద ఇంతకంటే పది, పదిహేను నిమిషాలు ఎక్కువ ఉంటే ఆశ్చర్యపోకండి. ఆలస్యమైనా వేళకు చేరామని చెప్పుకోవడానికి విమానసంస్థలు కొంత వెసులుబాటు కలుపుకుంటాయి. విమానం పావుగంట ముందే దిగిందని చప్పట్లు కొట్టాల్సిన పని లేనిది అందుకే.

చిన్న ఊళ్లకు తిరిగే రెక్కపంకాల ఏటీఆర్ విమానమైతే లెక్క వేరు. అది గంటకు అయిదు వందల కిలోమీటర్ల వరకే పోతుంది. పాతిక వేల అడుగులకు మించి ఎగరదు. దానికి 480తో భాగించి 30 నిమిషాలు కలపండి. గన్నవరానికి గంటన్నర, రేణిగుంటకు 55 నిమిషాలు వస్తాయి. టికెట్టు కొనేటప్పుడు విమానం రకం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడకుండా వేళ లెక్కకట్టకండి. విచిత్రం ఏమిటంటే రెండు వందల కిలోమీటర్ల దారిలో జెట్టుకూ ఏటీఆర్‌కూ తేడా పెద్దగా ఉండదు, జెట్టుకు తన వేగం చూపించుకునే చోటే దొరకదు.

విదేశాలకు వెళ్లే పెద్ద విమానాలకు 850తో భాగించి 40 నిమిషాలు కలపండి. లండన్ సుమారు 8,050 కిలోమీటర్లు, పది గంటల పైచిలుకు. శాన్ ఫ్రాన్సిస్కో పదిహేడు గంటలు.

గాలి, మూసిన దారులు

పడమరకు వెళ్లే విమానానికి భూమి ఎదురు తిరుగుతుంది కాబట్టి త్వరగా చేరాలి కదా అని కొందరు వాదిస్తారు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది కాబట్టి ఆ వాదన నిలవదు. తేడా తెచ్చేది ఎత్తులో వీచే గాలులు. మధ్య అక్షాంశాల్లో, చలికాలంలో ఉత్తర భారతం మీద కూడా, జెట్ ప్రవాహాలు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. అందువల్ల లండన్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. పెద్ద విమానం సొంత వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుని, దారి పొడవునా సగటున 50 కిలోమీటర్ల గాలి ఉందనుకుంటే, పోయేటప్పుడు నేల మీది లెక్కలో 850, వచ్చేటప్పుడు 950. ఎనిమిది వేల కిలోమీటర్ల మీద అది గంట తేడా. బెంగళూరు, ఢిల్లీ మధ్య ఈ గాలి ఎక్కువగా పక్క నుంచి తగులుతుంది కాబట్టి అంత తేడా తేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణాది మీద కథ తిరగబడుతుంది. ఎత్తులో తూర్పు నుంచి పడమరకు వీచే మరో జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. దీన్ని 1950లలో శాస్త్రీయంగా వివరించినవారు పంచేటి కోటేశ్వరం, తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖ అధిపతిగా పనిచేసినవారు.

గీతకూ నిజమైన దారికీ మధ్య గాలి కంటే పెద్ద అడ్డం గగనతలం. 2022 నుంచి చాలా పాశ్చాత్య విమానసంస్థలకు రష్యా మీదుగా దారి లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానసంస్థలకు మూసింది, మన దేశమూ బదులుగా అదే చేసింది. ఇలాంటప్పుడు ఒకే రెండు ఊళ్ల మధ్య, ఒకే రోజున, ఒక సంస్థ విమానానికీ ఇంకో సంస్థ విమానానికీ గంటకు పైగా తేడా రావచ్చు. కాబట్టి యూరప్, అమెరికా ప్రయాణాలకు మీ లెక్కను కనీస సమయంగానే పట్టుకోండి.

గడియారాల తేడా

టికెట్టు మీద బయలుదేరే వేళ ఇక్కడిది, చేరే వేళ అక్కడిది. ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే ప్రయాణ సమయం రాదు. రెండింటినీ ముందు గ్రీనిచ్ కాలానికి మార్చాలి. మన కాలం దానికంటే అయిదున్నర గంటలు ముందు. కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టి దేశమంతటికీ పెట్టుకున్న కాలం ఇది. దుబాయి నాలుగు గంటలు ముందు, సింగపూర్ ఎనిమిది గంటలు ముందు, కాలిఫోర్నియా చలికాలంలో ఎనిమిది గంటలు వెనుక, వేసవిలో ఏడు.

ఉదాహరణకు బెంగళూరులో మధ్యాహ్నం 2 గంటలకు ఎక్కి, జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో అదే తేదీ సాయంత్రం 5 గంటలకు దిగినట్టు టికెట్టు చెబుతోందనుకోండి. మూడు గంటల ప్రయాణం కాదది. మన 2 గంటలు అంటే గ్రీనిచ్‌లో ఉదయం 8.30. అక్కడి సాయంత్రం 5 అంటే గ్రీనిచ్‌లో మర్నాడు తెల్లవారుజామున 1. తేడా పదహారున్నర గంటలు. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరుగుతాయి. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మార్చి నెలలో ఈ రెండు తేదీల మధ్య ఫోన్లు చేసుకునే వేళలు కూడా గందరగోళంగా ఉంటాయి.

అమ్మానాన్నలకు టికెట్టు పంపేటప్పుడు ఒక మాట విడిగా చెప్పండి. బెంగళూరు నుంచి విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. 15వ తేదీ 00.30 అని ఉంటే ఇంట్లో తాళం వేసుకుని బయలుదేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. పంచాంగం చూసి సూర్యోదయంతో రోజు మొదలయ్యే లెక్కలో పెరిగిన పెద్దలకు ఇది తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వడమే మంచిది.

గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు అసలు కూడిక. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి హైదరాబాదు గచ్చిబౌలికి వేసి చూద్దాం. దేవనహళ్లికి రోడ్డు మీద యాభై కిలోమీటర్లు దాటుతుంది. సిల్క్‌బోర్డు, కేఆర్ పురం, హెబ్బాళ దయను బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు, మధ్యస్థంగా రెండు. దేశీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటర్ సాధారణంగా గంట ముందు, గేటు పాతిక నిమిషాల ముందు మూస్తారు. భద్రతా తనిఖీ వరుసలు కలిపి విమానాశ్రయంలో గంటన్నర. విమానం గంటా పదిహేను. దిగి సామాను అందుకోవడానికి అరగంట. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ముప్పావు గంట లోపు. మొత్తం దాదాపు ఆరు గంటలు.

గాలిలో గంటకు 800 కిలోమీటర్లు పోయిన మనిషి ఇంటి నుంచి ఇంటికి లెక్కవేస్తే గంటకు 76 కిలోమీటర్ల వేగంతో వెళ్లినట్టు. అయినా హైదరాబాదుకు విమానం గెలుస్తుంది. యశ్వంతపుర, కాచిగూడ మధ్య వందే భారత్‌కు ఎనిమిదిన్నర గంటల దాకా పడుతుంది, రెండు చివరలా స్టేషన్ ప్రయాణం అదనం. కానీ ఆ ఎనిమిదిన్నర గంటలు కదలకుండా కూర్చుని పని చేసుకోగలిగితే, విమానంలో ముక్కలు ముక్కలుగా పోయే ఆరు గంటల కంటే అదే నయమని నా అభిప్రాయం.

తిరుపతి దగ్గర ఈ కూడిక తీర్పు మార్చేస్తుంది. రేణిగుంటకు విమానం గంట లోపే, కానీ ముందూ వెనుకా అన్నీ కలిపితే అయిదు గంటలు తేలిగ్గా అవుతుంది. అక్కడి నుంచి తిరుపతి, ఆపైన కొండ. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉండేవారు ఇప్పటికే కోలారు రోడ్డు మీద సగం మలుపు తిరిగి ఉన్నారు. ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా బస్సో కారో అదే సమయంలో చేరుస్తుంది. వాళ్లు తూర్పున ఉన్న తిరుపతి వెళ్లడానికి ముందు ఉత్తరంగా దేవనహళ్లి చేరడంలో అర్థం లేదు. అదే ఎలహంకలో ఉండేవారికి విమానాశ్రయం పక్కవీధి, వాళ్ల లెక్క వేరు.

విశాఖ, ఢిల్లీ దాకా వెళ్తే ఇక చర్చే లేదు, విమానమే. నా లెక్కలో గీత మూడు వందల కిలోమీటర్ల లోపైతే రోడ్డో రైలో, అయిదు వందలు దాటితే విమానం, మధ్యలో ఉంటే మీరు బెంగళూరులో ఏ మూల ఉన్నారన్నది నిర్ణయిస్తుంది.

ప్రయాణం రోజున సరిచూసుకోవడం

లెక్క ఎంత బాగున్నా నిన్నా మొన్నా ఆ విమానం నిజంగా ఎంతసేపు తీసుకుందో చూడటం మంచిది. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో విమానం నంబరు కొడితే గత కొద్ది రోజుల వేళలు వస్తాయి. అందులో దిగిన వేళ అంటే చక్రాలు రన్‌వేను తాకిన వేళ. గేటు దగ్గర ఆగడానికి ఇంకో పది నిమిషాలు కలుపుకోండి. ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తుంటే, వాళ్లకు సామాను ఉంటే, ఆపైన అరగంట కలుపుకుని బయలుదేరండి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దేవనహళ్లిని పొగమంచు కమ్ముకోవడం మామూలే. ఆ నెలల్లో ముఖ్యమైన పని ఉన్న రోజు మొదటి విమానం కంటే తొమ్మిది తర్వాతిది ఎక్కడం తెలివైన పని. సాయంత్రం విమానాలకు ఇబ్బంది మరో రకం: పొద్దుటి నుంచి పేరుకున్న ఆలస్యాలన్నీ వాటి నెత్తిన పడతాయి. కాబట్టి ఇంట్లో బయలుదేరే ముందు, మీరు ఎక్కబోయే విమానం ఇప్పుడు ఎక్కడుందో అదే యాప్‌లో చూడండి. అది కోల్‌కతా నుంచి రావలసి ఉండి ఇంకా అక్కడే నిలిచి ఉంటే, కోల్‌కతా బెంగళూరు గీతను 800తో భాగించి 35 కలిపి, దిగాక మళ్లీ సిద్ధం చేయడానికి అరగంట వేసుకోండి. మీ విమానం ఎన్నింటికి లేస్తుందో విమానాశ్రయం బోర్డు కంటే ముందే మీకు తెలిసిపోతుంది. తెలిసినా ఇంట్లో ఆలస్యం చేయకండి, ఆలస్యమైన విమానానికి కూడా కౌంటర్ పాత వేళకే మూసేయవచ్చు.